పాత ట్రాక్టరు రేడియేటరు కారుచున్నప్పుడు



దమ్ము చేయు దినములలో ట్రాక్టరు ఒక్క పూట ఆగినచో ఎంత నష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. కాలువ నీరు మన కొరకు ఆగదు. నారు ముదిరిపోవును. కూలీలు గట్టున కూర్చుందురు. పాత బండ్లు ఇట్టి సమయమున ఆగుటకు తరచుగా కారణమగునది రేడియేటరు. చిన్న చిల్లే గదా అని రోజూ ఒక బిందె నీరు పోసి నడుపుచు వచ్చినచో, ఒకనాడు మనము చూచుకొనక ముందే నీరు అడుగంటును. అప్పుడు హెడ్డు వంకరపోవును. పిస్టను సిలిండరులో పట్టివేయును. రేడియేటరు బాగుచేయించు ఖర్చుకు ఎన్నో రెట్లు ఇంజను పనికి అగును.

మొదట ఒక హెచ్చరిక. వేడిగా ఉన్న ఇంజను మీద రేడియేటరు మూత తీయరాదు. ఆ మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచును. చదరపు అంగుళమునకు 7 పౌనుల మూత ఉన్నచో, నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగక సుమారు 111 డిగ్రీల వరకు నిలుచును. మూత తీసిన మరుక్షణమే ఆ నీరు ఆవిరితో కలిసి ముఖము మీదికి చిమ్మును. కావున చేయి ఆనించి ఓర్చుకొనునంతగా చల్లారు వరకు ఆగుడు. అట్లే కాగియున్న ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్లు పోయకుడు, హెడ్డు పగులవచ్చును.

నీరు తగ్గుచున్నదనగానే రేడియేటరు విప్పవలెనని కాదు. ముందు హోసు పైపులను, వాని క్లిప్పులను, అడుగు కుళాయిని చూడుడు. నీటి పంపు అడుగున ఒక చిన్న రంధ్రము ఉండును. అందుండి చుక్కలు పడినచో పంపు సీలు పోయినదన్నమాట. బయట ఎచ్చటను తడి లేకయే నీరు తగ్గినను, ఆయిలు కొలుచు పుల్ల మీద ఆయిలు పాలవలె తెల్లగా కనబడినను, లోపము హెడ్డు గాస్కెట్టులోనో, ఇంజను లోపలనో ఉండవచ్చును. అట్టి బండిని నడపక మెకానిక్కుకు చూపుడు. రేడియేటరు రేకుల మీద తెల్లని లేక పచ్చని చారలు కట్టినచో కారుచున్నది అచ్చటనే.

చిల్లు పూడుటకు పసుపు పొడి వేయు అలవాటు మనలో కలదు. దారిలో చిక్కుకొన్నప్పుడు ఇల్లు చేరుటకు అది పనికివచ్చునేమో గాని, అది మరమ్మతు కాదు. చిల్లుతో పాటు సన్నని గొట్టములను కూడ అది పూడ్చివేయును.

ఇక విప్పు విధానము. బండిని చదును నేల మీద నిలిపి, బ్యాటరీ తీగ విప్పుడు. కుళాయి తిప్పి నీటిని పళ్లెములోనికి దింపుడు. కూలంటు కలిసిన నీరు తియ్యగా ఉండును గాని విషము. పశువులు, కుక్కలు దానిని త్రాగి చనిపోవును. దానిని కాలువలో గాని, కుడితి తొట్టి దగ్గర గాని పారబోయకుడు. పిల్లలకు అందని చోట మూతపెట్టి ఉంచుడు. తరువాత బానెట్టు, ముందు జాలీ, పై హోసు, క్రింది హోసు, ఫ్యాను చుట్టునున్న రేకు, పట్టు బోల్టులు వరుసగా విప్పుడు. బోల్టుల క్రింది రబ్బరు బిళ్లలను జాగ్రత్తపెట్టుడు. ఇద్దరు పట్టి, ఫ్యాను రెక్కలు తగులకుండ నిలువుగా పైకి తీయవలెను.

పాత రేడియేటర్లు చాలవరకు ఇత్తడి, రాగితో చేసినవి. ఒకటి రెండు చోట్ల కారినచో టంకము పెట్టించవచ్చును. గొట్టములు పలుచోట్ల తినివేయబడినచో అతుకులు నిలువవు. పై తొట్టిని, క్రింది తొట్టిని ఉంచి మధ్య కోరును మాత్రము క్రొత్తది వేయించుట మేలు. అల్యూమినియము రేడియేటరుకు మామూలు టంకము పట్టదు. పని అయిన పిదప రంధ్రములు మూసి, నీటి తొట్టిలో ముంచి, మూత మీద వ్రాసిన ఒత్తిడికి మించకుండ గాలి పెట్టించి చూడుడు. బుడగలు రాకున్న పని బాగున్నట్లే.

తిరిగి బిగించుటకు ముందు ఇంజను బ్లాకును మంచినీటితో కడిగి తుప్పు పోగొట్టుడు. పగిలిన హోసులను మార్చుడు. థర్మోస్టాటును తీసి పారవేయకుడు. అది లేనిచో ఇంజను తగినంత వేడెక్కక అరిగిపోవును. ఉప్పు బోరు నీరు లోపల పొర కట్టును. కావున శుద్ధజలములో బండి పుస్తకము చెప్పిన పాళ్లలో కూలంటు కలిపి మెల్లగా పోయుడు. మూత పెట్టక ముందే ఇంజనును నెమ్మదిగా నడిపించి, గాలి బుడగలు ఆగిన పిమ్మట మట్టము సరిచూచి మూత బిగించుడు. మరునాటి ఉదయము చల్లని ఇంజను మీద మరల చూడుడు. మట్టము తగ్గకున్న, క్రింద తడి లేకున్న, బండిని పొలమునకు తోలవచ్చును.

ఈ పనిని ఏరువాక రాకముందే, వేసవి తీరికలో ముగించుకొనుడు. ప్రతిదినము పనిలో దిగక ముందు నీటి మట్టము చూచి, రేకుల నడుమ చిక్కిన గడ్డి, బురద దులుపుడు. ఐదు నిమిషముల ఈ శ్రద్ధ మీ పంట అదనును కాపాడును.