ఇంటి చూరు ఎంత ఎత్తున ఉండాలి?



పంట డబ్బు చేతికి వచ్చి, వానలు ఇంకా పడని రోజులలో పల్లెల్లో ఇండ్లు కట్టే సందడి మొదలవుతుంది. గోడలు లేచి, వాసాలు పరచిన తరువాత ఎవరైనా వచ్చి “చూరు ఎత్తు చాలదు” అన్నారనుకోండి. అప్పుడు దూలంతో సహా దించి మళ్ళీ కట్టుకోవలసిందే. కూలి రెండింతలు. అందుచేత ఈ కొలతల సంగతి పునాది తీయకముందే మాట్లాడుకొందాం.

ఇంటి ఎత్తు అంటే నడికొప్పు దాకా అని చాలామంది అనుకొంటారు. అది సరి గాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ అనే జాతీయ నియమావళి ఒకటి ఉన్నది. 1970లో మొదట వెలువడింది, 2016లో తిరగవ్రాశారు. దాని ప్రకారం పెంకుటింటికి గాని, రేకుల ఇంటికి గాని ఎత్తును చుట్టూ ఉన్న నేలనుంచి, బయటి గోడ కప్పును తాకే చోటు దాకా కొలవాలి. ముక్కోణపు గోడ వీధివైపు ఉంటే మాత్రం చూరుకూ నడికొప్పుకూ నడిమధ్య దాకా కొలుస్తారు.

గది లోపలి ఎత్తు మాత్రం వేరే లెక్క. దీన్ని నేలనుంచి గాదు, గచ్చుమీదనుంచి కొలవాలి. వాలు కప్పు గదికి సరాసరి ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు ఉండాలి. చూరు క్రింద 2.4 మీటర్లు తగ్గరాదు. ఇది ఎనిమిది అడుగులకు కొంచెం తక్కువ. చూరు దగ్గర ఏడడుగులు, నడికొప్పు దగ్గర పదమూడడుగులు పెట్టారనుకోండి. సరాసరి పదడుగులు వచ్చింది, సరిపోయింది అనుకొంటారు. గాని చూరు దగ్గర తప్పింది! మేస్త్రీలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంటి మెరక నేలకన్న 45 సెంటీమీటర్లు, అంటే ఒక మూర ఎత్తుండాలి గనుక, లోపలి కొలతకూ బయటి కొలతకూ ఆ మూర తేడా ఎప్పుడూ ఉంటుంది.

మన పెద్దలు చూరు బాగా దించి కట్టేవారు. తల వంచి లోపలికి పోవలసి వచ్చేది. అది తెలియనితనం గాదండీ. మట్టిగోడకు వాన జల్లు తగలకుండా కాపాడేది ఆ చూరే. ఇప్పుడు చూరు లేపితే గోడ తడుస్తుంది. అందుకని గది గోడను ఎత్తుగా లేపి, ముందు పంచకు వేరే కప్పు దించుకోవడం నాకు నచ్చిన పద్ధతి. పంచ ఎత్తు కూడా ప్లానులో చూపించి అడగండి.

సముద్రతీరపు రైతులకు ఈ పద్ధతి మరీ అవసరం. 1977 నవంబరులో దివిసీమను ముంచిన తుఫాను వంటిది వచ్చినప్పుడు గాలి చూరు క్రింద దూరి కప్పును పైకి లేపుతుంది. పంచ కప్పు వేరుగా ఉంటే అది ఎగిరిపోయినా ఇంటి కప్పు నిలిచే అవకాశం ఉంటుంది. గోడ దాటి చూరును ఒక మూరకు మించి సాగనీయకండి. వాసాలను దూలానికీ, దూలాన్ని గోడకూ ఇనుప పట్టీలతో బిగించండి. వాలు మరీ పలచగా ఉన్నా గాలి లాగివేస్తుంది.

ఈ కొలతలన్నీ జాతీయ నియమావళిలోవి. మీ ఊళ్ళో చెల్లేది మీ రాష్ట్రపు నిబంధన. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 చట్టం ప్రకారం గ్రామ పంచాయతీ అనుమతి తీసుకోవాలి. పశువుల కొట్టం సంగతి కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.

ఇక చూరు నీళ్ళు. పొరుగువారితో పోట్లాటలన్నీ ఇక్కడే పుడతాయి. గోడను సరిగ్గా హద్దుమీద కట్టి చూరు అవతలికి వదిలితే నీరు వాళ్ళ దొడ్లో పడుతుంది. వాళ్ళు మంచివాళ్ళై ఊరుకొన్నా చిక్కే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఇరవై ఏండ్లు అడ్డులేకుండా, బాహాటంగా, హక్కుగా అలా నీరు వదిలితే అది నిజంగా హక్కు అయ్యే వీలున్నది. ఆనాడు కొడుకులు కోర్టుకు ఎక్కుతారు. చూరు అంచునుంచి హద్దు వరకు ఇంకా జానెడైనా మీ స్థలమే ఉండేలా గోడ వెనక్కు జరపండి. అంత చోటు లేకపోతే రేకు దోనె బిగించి, నీళ్ళను మీ దొడ్లో కొబ్బరిచెట్టు మొదట్లోకి మళ్ళించండి.