గాడి వెడల్పు లోతులోనే ఉంది

బుచ్చిరెడ్డిపాలెంలో, చుట్టుపక్కల ఊళ్లలో వడ్రంగం చేసుకునే అన్నలకూ, కొత్తగా సీఎన్‌సీ రూటర్ పెట్టుకున్న తమ్ముళ్లకూ ఈ పూట నాలుగు మాటలు. ద్వారబంధానికీ, పూజ గది తలుపు పక్క పట్టీలకూ నిలువునా గాడులు తీస్తాం కదా, డిజైన్ పుస్తకాల్లో ఫ్లూట్లు అంటారు, వాటి గురించి.

మా షెడ్డుకు ఈ పని మొదటిసారి వచ్చినప్పుడు ఏం జరిగిందో చెబుతాను. ఏడడుగుల టేకు చెక్కలు రెండు, ఒక్కోదాని మీద ఐదు గాడులు. కంప్యూటర్లో అంతా సరిగ్గానే గీశాను. మిషన్ ఆగాక పొట్టు ఊదేసి చూస్తే, పైన గాడులు నిండుగా ఉన్నాయి, కిందికొచ్చేసరికి సన్నబడిపోయాయి. గంటసేపు బోల్టులు బిగిస్తూ కూర్చున్నాను. చివరికి చూస్తే, చెక్క ఆ కింది వైపు ఒక మిల్లీమీటరు పలచగా ఉంది. కోత మిల్లు నుంచి తెచ్చిన చెక్కను చిత్రిక పట్టకుండా బల్ల మీదికి ఎక్కించింది నేనే.

ఒక్క మిల్లీమీటరుకే అంత తేడా ఎందుకొచ్చిందో చూడండి. గాడికి వాడేది గుండ్రటి మొన ఉన్న బాల్‌నోస్ బిట్. 12 మిల్లీమీటర్ల బిట్ 3 మిల్లీమీటర్లు దిగితే గాడి వెడల్పు సుమారు 10.4 వస్తుంది. అదే బిట్ 2 మాత్రమే దిగితే 8.9. అంటే లోతులో తప్పు లోపల దాక్కోదు, వెడల్పు రూపంలో పైకొచ్చి కూర్చుంటుంది. పక్కపక్కన ఐదు గీతలుంటే ఒకటిన్నర మిల్లీమీటరు తేడాను ఇంటావిడ గుమ్మంలో నిలబడే పట్టేస్తుంది. 90 డిగ్రీల వీ బిట్ అయితే ఇంకా కష్టం, లోతు ఒకటి తప్పితే వెడల్పు రెండు తప్పుతుంది.

అందుకని మిషన్ స్విచ్ వేసే ముందు చెక్క సంగతి చూడండి. రెండు ముఖాలూ చిత్రిక పట్టాలి. ఈ కొస నుంచి ఆ కొసకు నూలు దారం లాగి కట్టి, కింద వెలుతురు కనపడుతుందేమో చూడాలి. మందం నాలుగైదు చోట్ల కొలవాలి. విల్లులా కొంచెం వంగినా ఫరవాలేదు, క్లాంపులతో బల్లకు అదిమితే గాడి ఒకే లోతులో తెగుతుంది. మెలి తిరిగిన చెక్కను మాత్రం పక్కన పెట్టేయండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం వానలు. ఆ రోజుల్లో చిత్రిక పట్టిన చెక్కను వారం రోజులు గోడకు ఆనించి ఉంచి, ఆ తర్వాత గాడి తీయబోతే అది మళ్లీ కదిలి ఉంటుంది. చిత్రిక పట్టిన రోజే గాడి కూడా తీసేయండి.

ఇక గీయడం. కొత్తవాళ్లు గాడికి రెండు అంచులూ గీసి, పాకెట్ ఆజ్ఞ ఇస్తారు. దాంతో అడుగు బల్లపరుపుగా వచ్చి, గాడి కాస్తా కాలువలా కనపడుతుంది. గాడి నడిమి గీత ఒక్కటి గీస్తే చాలు, వెడల్పు సంగతి బిట్ చూసుకుంటుంది. నాలుగంగుళాల పట్టీకి ఐదు గాడులు, నడిమి నుంచి నడిమికి 16 మిల్లీమీటర్లు పెట్టండి. మధ్యన ఐదున్నర మిల్లీమీటర్ల పట్టీ మిగులుతుంది. ఆ పట్టీని తగ్గించవద్దు. గ్రీకుల డోరిక్ స్తంభానికి 20 గాడులు, అంచూ అంచూ కత్తిలా కలుస్తాయి. అది రాయి కాబట్టి నిలిచింది. వాళ్లదే అయానిక్ స్తంభానికి 24 గాడులున్నా మధ్యన సన్నటి పట్టీ వదిలారు. చెక్కకు ఆ రెండోదే దారి, లేకపోతే ఇసుక కాగితం తగలగానే అంచు పెచ్చులూడుతుంది.

పనితనం తెలిసేది గాడి కొసల్లో. బిట్‌ను నిట్టనిలువుగా దించి అక్కడ ఒక్క క్షణం ఆపితే చెక్క మాడి నల్ల మచ్చ పడుతుంది. అదీగాక బిట్ మొన నట్టనడుమ వేగం సున్నా, అక్కడ అది కోయదు, రాస్తుంది. కాబట్టి ఏటవాలుగా దిగాలి, ఏటవాలుగానే లేవాలి. వీకార్వ్‌లో ఫ్లూటింగ్ టూల్‌పాత్ అని విడిగా ఉంది, మొదట్లోనూ చివర్లోనూ ర్యాంపు పెట్టమని అడగవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ లేదంటారా, జీకోడ్ చేత్తోనే రాసుకోండి. చెక్క మీద సున్నా దగ్గర మొదలుపెట్టి, 'జీ1 వై40 జెడ్ మైనస్ 3' అంటే 40 మిల్లీమీటర్లు నడుస్తూ 3 లోతుకు దిగుతుంది. లేచేటప్పుడు దానికి తిరగేసిన వరుస. ర్యాంపు 15 పెడితే కొస వేలిగోరులా మొద్దుగా ఉంటుంది. 60 పెడితే వడ్లగింజ మొనలా సాగుతుంది. నాకు వడ్లగింజే ఇష్టం.

వేగం విషయంలో భయపడి తగ్గించేవాళ్లే ఎక్కువ. స్పిండిల్ 18,000 చుట్లు, బిట్‌కు రెండు అంచులు, నిమిషానికి 3,600 మిల్లీమీటర్ల నడక ఉంటే ఒక్కో అంచు పదోవంతు మిల్లీమీటరు పొట్టు తీస్తుంది. పొట్టు రేకుల్లా రావాలి. పిండిలా వస్తుంటే బిట్ మొండిదైనా అయ్యుండాలి, నడక చాలకపోయినా ఉండాలి. 2.7 దాకా ఒకసారి పోయి, మిగిలిన 0.3 రెండోసారి తీస్తే లోపల నునుపు వస్తుంది. ఇసుక కాగితం వేలితో రుద్దకండి, పట్టీల అంచులు గుండ్రబడిపోతాయి. గాడిలో పట్టే గుండ్రటి కర్రకు చుట్టి రుద్దండి. టేకు ధూళి గొంతు పట్టేస్తుంది, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఇంకొక్కటి. గాడిని గడప దాకా దించకండి. మన ఇళ్లలో శుక్రవారం శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. ఆ పసుపు నీళ్లు గాడిలోకి దిగితే ఆరవు, ఏడాది తిరిగేలోపు పాలిష్ లేచిపోతుంది, చెక్క నల్లబడుతుంది. గడప నుంచి ఒక అడుగు చదునుగా వదిలి, అక్కడి నుంచి గాడి మొదలుపెట్టండి. ఎడమ చెక్కకు ఎక్కడ మొదలైందో కుడి చెక్కకూ అక్కడే మొదలవ్వాలి. రెండు చెక్కలనూ బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టి, మూలమట్టం ఆనించి, రెండింటి మీదా ఒకే పెన్సిలు గీత గీసుకోండి.