తగ్గింది ఎప్పుడు? తగ్గించింది ఎవరు?



ఈ సభలో మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన పాండిత్యం సంగతి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ముందు వరుసలోనే ఉన్నారు. నాకు గుర్తున్నది వేరు. నా దగ్గరున్న 1961 జనగణన సంపుటం పట్టుకెళ్ళారు. తిరిగి ఇమ్మంటే, "నీకు అభిప్రాయాలున్నాయి కదయ్యా, అంకెలెందుకు?" అన్నారు. పుస్తకం రాలేదు. అంకెలు మాత్రం ఇవాళ తెచ్చాను.

ఆ అంకెలతో పని నియోజకవర్గాల పునర్విభజన గురించి. దాని చరిత్ర మీకు కొత్త కాదు. 1976లో 42వ సవరణ సీట్లను 1971 లెక్కల దగ్గర ఆపింది. 84వ సవరణ ఆ ఆపును 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది. 2008లో హద్దులు మారాయి, రాష్ట్రాల వాటాలు మారలేదు. రాష్ట్ర విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు చెప్పిన 225, 153 అసెంబ్లీ సీట్లు ఇప్పుడే కావాలన్న వాదన 2025లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. వీటి మీద ఉపన్యాసం అక్కర్లేదు.

నా తగాదా, ఆ ఆపు తొలగితే మన సీట్ల వాటా తగ్గుతుందన్నప్పుడల్లా వినిపించే ఒక్క వాక్యంతో: "కుటుంబ నియంత్రణ పాటించినందుకు మనకీ శిక్షా?" వేదిక ఏదైనా, పార్టీ ఏదైనా ఇదే పాట. లెక్కలు చూద్దాం. 1962 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌కు 43 లోక్‌సభ సీట్లు. 1967 నాటికి 41. దేశం మొత్తం మీద సీట్లు పెరిగిన ఎన్నికలవి! 1951–61 మధ్య మన జనాభా పెరిగింది 15.65 శాతమే, దేశం సుమారు 21.5. అప్పటికి కుటుంబ నియంత్రణ మన పల్లెల గడప తొక్కిందెక్కడ? ఆ రెండు సీట్లూ పోయింది ఏ త్యాగానికి?

ఆ తర్వాత సంగతి ఇంకా చిత్రం. దేశ జనాభాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 1971లో 7.9 శాతం. 1991లోనూ 7.9 శాతమే. 1981–91 దశాబ్దంలో మనం 24.2 శాతం పెరిగాం, దేశం కన్నా ఓ పిసరు ఎక్కువే. అదే దశాబ్దంలో కేరళ 14.3కు దిగింది. కేరళ చెప్పుకోదగ్గ మాటను మనం అప్పు తెచ్చుకుని చెబుతున్నాం. మన వాటా 2001లో 7.4కు, 2011లో 7కు పడింది. అంటే కథంతా తొంభైల నుంచి మొదలైందే.

దీనికి ఒక మిత్రుడు అచ్చులోనే బదులిచ్చాడు: ఆపరేషన్లు డెబ్భైల నుంచే జరిగాయి, ఫలితం ఆలస్యంగా కనిపించింది, పైగా మరణాలు తగ్గడం వల్ల జననాల తగ్గుదల మరుగున పడిపోయింది అని. సగం ఒప్పుకుంటాను. కానీ సీట్లు పంచేది జననాల రేటును బట్టి కాదు, తలకాయల లెక్కను బట్టి. ఆ లెక్కలో 1991 దాకా 1976 నాటి ఆపు మనకు కాపాడి పెట్టిందేమీ లేదు.

సీట్లు తగ్గనివ్వండని నేననడం లేదు. "మనం తగ్గించాం" అంటున్న ఆ "మనం" ఎవరని అడుగుతున్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళై, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో పదిమందికి దాదాపు ఏడుగురు కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. వేసెక్టమీ నూటికి ఒక ఇంట్లో కూడా లేదు. త్యాగం ఆమెది, ఉపన్యాసం మనది. 2023లో తెచ్చిన మహిళా రిజర్వేషన్‌నూ తీసుకెళ్ళి ఈ పునర్విభజనకే ముడిపెట్టారు! ఆంధ్రప్రదేశ్ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనమనీ ఆమెకే చెబుతున్నారు.

అందుకే ప్రస్తుతం నేను చేస్తున్న పని ఇది: తొంభైల్లో ఆపరేషన్ క్యాంపులకు వెళ్ళివచ్చిన ఆడవాళ్ళ మాటలు, మండలాలవారీగా ఆ క్యాంపుల లెక్కలు పోగుచేస్తున్నాను. సభలో రిటైరైన ఏఎన్ఎమ్‌లు, ఆరోగ్య కార్యకర్తలు ఉంటే నాదొక మనవి. మీ దగ్గర, మీ ఉపకేంద్రంలో ఆనాటి రిజిస్టర్లు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. పేర్లు బయటపెట్టను, లెక్క రాసుకుని తిరిగి ఇచ్చేస్తాను.