మాట్లాడే కంప్యూటరు మా పల్లెకెప్పుడొస్తుంది?

(పాలకాయతిప్పలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాలకాయతిప్ప దాటితే ఇక ఊరు లేదు, సముద్రమే. 1977 నవంబరు 19న ఉప్పెనొచ్చినప్పుడు ముందు దెబ్బ ఈ తీరం పల్లెల మీదే పడింది. సర్కారు సాయం మాత్రం అందరి తర్వాత ఇక్కడికొస్తుంది. ఉప్పెన ముందు, వసతి వెనక!

మేమివాళ పింఛను గురించి రాలేదు. దానికోసం వికలాంగుల హక్కుల పోరాట సమితి రోడ్డెక్కి కొట్లాడింది. 2024లో నెలకి 6,000 అయింది, మంచిదే. ఆ డబ్బుకి బియ్యమొస్తాయి, చదువు రాదు కదా. చూపులేని పిల్ల అరుగు మీద కూచునుంటే "దానికి పింఛనొస్తోందిలే" అంటారు. పిల్ల బతుకు అక్కడితో సరా?

బందరు దగ్గర సీతారామపురం మీకు తెలుసు. ఆ ఊళ్ళో రైతు ఇంట చూపులేకుండా పుట్టినవాడు బొల్లా శ్రీకాంత్. పది పాసైతే, కళ్ళులేనివాడికి సైన్సెందుకని ఇంటర్లో సీటివ్వలేదు. కోర్టుకెళ్ళి గెలిచాడు. పుస్తకాల్ని ఆడియోగా మార్పించుకుని, విని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎమ్ఐటిలో చదివాడు. 2011లో బహుళ వైకల్యాలున్న పిల్లలకి సమన్వయ్ కేంద్రం పెట్టినవాళ్ళలో ఒకడై, బ్రెయిలీ అచ్చు మొదలెట్టాడు. 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకి పనిచ్చాడు. 2024లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. చప్పట్లు కొట్టాం, బాగుంది. కానీ ఆ పిల్లాడు హైదరాబాదు దేవనార్ అంధుల బడికి పోగలిగాడు. పోలేని మన గూడెం పిల్ల సంగతేంటి?

యంత్రం ఖరీదనుకోకండి. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని కుర్రాడు ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. తెరమీది అక్షరాల్ని పైకి చదువుతుంది, తెలుగూ చదువుతుంది, పైసా అడగరు. గొంతు కాస్త మరబొమ్మలాగుంటుంది, అలవాటైతే ఏం కాదు. మీ సెల్లుల్లో కూడా టాక్‌బ్యాక్ అని ఉంటుంది. లేనిదల్లా నేర్పే మనిషి. మౌసు ముట్టకుండా, కీబోర్డు మీద వేళ్ళతో ఎలా నడపాలో నెలల తరబడి పక్కన కూచుని నేర్పాలి. కేంద్రమంటే అదీ. కంప్యూటర్లు దింపి, రిబ్బను కోసి, తాళమేసే గది కాదు. మూడు చక్రాల బండ్ల సంగతి చూశాం కదా, ఇచ్చి ఫొటో దిగిపోతారు, బండేమో ఇసకలో దిగబడుతుంది.

2016 చట్టం 40 శాతం పైన వైకల్యమున్న పిల్లలకి 18 ఏళ్ళదాకా ఉచిత చదువు హక్కంటోంది. సర్కారు కొలువుల్లో 4 శాతమంటోంది. కంప్యూటరు ముట్టనివాళ్ళకి ఆ కొలువెట్టా దక్కుద్ది? దళితులకి రిజర్వేషనిచ్చి బడి లేకుండా చేసినట్టే ఇదీ.

అందుకే కోడూరు మండలంలో కేంద్రం కావాలంటున్నాం. నాలుగు కంప్యూటర్లు చాలు. నేర్పేది చూపులేని మనిషైతే మరీ మేలు. బండెక్కే వాలుదారి ఉండాలి, రానుపోను ఆటో ఖర్చివ్వాలి. దళితవాడ ఆడపిల్ల బెరుకులేకుండా వచ్చే చోట పెట్టాలి, పెత్తందారు ఇంటి మేడ మీద కాదు.

సోమవారం అర్జీ ఇస్తున్నాం. ఇంటింటికీ తిరిగి పేర్లు రాయండి. చుట్టాలకి కనపడకుండా లోపలి గదిలో ఉంచిన పిల్లల పేర్లు ముందు రాయండి.