రిటైరయ్యాక బడిలో చేరాను

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాదానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చి చెప్పింది. ఆ సంగతులు కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం 'రిటైరయ్యాక కాలక్షేపం' గురించి చెప్పమన్నారు. నేను చేసింది కాలక్షేపం కాదండీ. వృత్తి మారాను. గుమస్తా పని అయిపోయాక ప్రాథమిక పాఠశాలలో టీచరమ్మకు సహాయకుడిగా కుదిరాను. జీతం లేదు, ఆర్డరు లేదు, ఇంక్రిమెంటు అసలే లేదు.

1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 1985లో మండలాలు వచ్చాయి, బల్ల మారింది గాని పని మారలేదు. 2009లో 58 నిండి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. మొదటి రెండేళ్లూ పేపరు రెండుసార్లు చదవడం, వంటింట్లో మా ఆవిడకు అడ్డం పడటం, ఇదే ఉద్యోగం.

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు మా ఇంటికొచ్చినావిడ మా వీధి చివరి మండల పరిషత్ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ, "అయిదు తరగతులకు ఇద్దరం, బాబాయిగారూ. ఈ పనుల మీద నేను బయటికొస్తే అక్కడ ఒక్కరే" అంది. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం, ఈ మూడింటికీ టీచర్లను పంపవచ్చని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. "నేనొచ్చి కూర్చోనామ్మా?" అన్నాను. బడి కమిటీ ఒప్పుకుని మినిట్సులో రాసింది. మర్నాటి నుంచి వెళ్లాను.

మొదట నాకు తెలిసిన పనే చేశాను. హాజరు పట్టీకి గీతలు కొట్టడం, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క కూడటం. సంతకం మాత్రం ఆవిడదే. ఆ పాటి నిబంధన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. తరువాత వెనకబడిన పిల్లలను నా పక్కన కూర్చోబెట్టారు. పిల్లలు 'తాత మాస్టారు' అని పేరు పెట్టారు.

మూడో తరగతిలో ఒక పిల్లవాడు. ముత్యాల్లాంటి దస్తూరి. బోర్డు మీద ఏది రాస్తే అది అచ్చు గుద్దినట్టు దించేవాడు. దస్తూరి అంటే నాకు ప్రాణం కదా, రెండు నెలలు వాణ్ణి తెగ మెచ్చుకున్నాను. ఒకరోజు బోర్డు మీద 'పలక' అన్న మాటలో చివరి అక్షరం ఎవరి చెయ్యో తగిలి సగం చెరిగిపోయింది. వీడు ఆ సగం అక్షరాన్నే, ఆ సుద్ద మరకతో సహా, పలక మీద దించాడు. "ఇదేమిట్రా?" అన్నాను. మాట్లాడలేదు. వాడి నోటుపుస్తకమే తెరిచి చదవమన్నాను. తల వంచుకున్నాడు. ఒక్క మాట కూడా చదవలేకపోయాడు. వాడు రాయడం లేదు, బొమ్మలు గీస్తున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. సర్వీసులో ఒకసారి ఒక ఉత్తర్వుకు ఫెయిర్ కాపీ తీశాను. డ్రాఫ్టులో సర్వే నంబరు తప్పు పడింది. నేనూ అదే దించాను. ఆ రైతు నాలుగు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాడు. అడిగితే, "డ్రాఫ్టులో ఎలా ఉందో అలాగే రాశాను, నా తప్పేముంది?" అన్నాను. అందరూ సరేనన్నారు. నేనూ సరేననుకున్నాను. ఆ సగం చెరిగిన అక్షరం చూసేదాకా నేనూ చదవకుండానే రాశానన్న సంగతి తట్టలేదు.

మర్నాడు టీచరమ్మకు చెప్పి వాడి చేత చూచిరాత మానిపించాను. ఇంట్లో అటక మీద పాత శుభలేఖల కట్ట ఉంటే, ముక్కలుగా కత్తిరించి వెనకవైపు ఒక్కో అక్షరం రాశాను. ముందు వాడి పేరు, తరువాత వాళ్లమ్మ పేరు, వాళ్ల గేదె పేరు. చూసి దించడానికి ఏమీ ఉండదు, ముక్కలు ఏరి పేర్చి పైకి చదవాలి. ప, వ, మ, య వాడికి ఒక్కలాగే కనిపించేవి. వాటితోనే నెల పట్టింది. గుణింతాలకు దసరా దాటింది, ఒత్తులకు సంక్రాంతి. మధ్యలో విసుక్కుని ఒకరోజు గట్టిగా కసిరాను. రెండు రోజులు బడికి రాలేదు. వాళ్లింటికి వెళ్లి తీసుకొచ్చుకున్నాను. తప్పు నాదే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వాడు కంచం పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. భోజనాల పట్టిక రాసి ఉంటుంది కదా, దాన్ని వేలితో కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. చదవడం అయ్యాక నా దగ్గరికొచ్చి, "తాతా, ఇవాళ గుడ్డు అని రాసుంది. పెట్టలేదేం?" అన్నాడు. ఆరోజు గుడ్లు రాలేదు. టీచరమ్మ ఫోను చేసి అడిగితే మర్నాడు వచ్చాయి.

అయ్యా, మనం హక్కు అంటున్నామే, అది కూడా చదవడం వచ్చినవాడికే అందుతుంది. ఆ గోడ మీద ఆ మాట ఏడాదిగా ఉంది. వాడు మూడేళ్లుగా అక్కడే తింటున్నాడు.

అందరి కథా ఇలా ముగియలేదు. ఇద్దరు పిల్లలు తల్లిదండ్రులతో ఇటుక బట్టీలకు వెళ్లి మళ్లీ రాలేదు. 2020 మార్చిలో బళ్లు మూసినప్పుడు కొందరు నేర్చుకున్నది మరిచారు. మళ్లీ మొదలుపెట్టాం. నాకిప్పుడు 74. వారానికి మూడు రోజులు, పూటకు రెండు గంటలు వెళుతున్నాను.

ఇంగ్లండులో టీచింగ్ అసిస్టెంటు అన్నది ఒక ఉద్యోగం. మన బళ్లలో అలాంటివారికి నెల జీతం లేకపోయినా పని మాత్రం దండిగా ఉంది. 2021లో కేంద్రం 'విద్యాంజలి' పేరిట రిటైరైనవారు కూడా ప్రభుత్వ బళ్లలో స్వచ్ఛందంగా సాయపడే ఏర్పాటు చేసింది. రావాలనుకునే మిత్రులకు నాలుగు మాటలు. ప్రధానోపాధ్యాయుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బూ తాళాలూ ముట్టుకోకండి. తలుపులు తీసి ఉన్న చోట, పదిమంది కళ్ల ముందే పిల్లలతో కూర్చోండి. కొట్టడం చట్టం ఒప్పదు, కసరడం నా అనుభవం ఒప్పదు. టీచరు కుర్చీలో కూర్చోకండి, పక్కన పీట చాలు. వస్తానన్న రోజు తప్పకండి, పిల్లలు గుమ్మం వైపే చూస్తుంటారు.

మోకాళ్ల నొప్పులంటారా, నాకూ ఉన్నాయి. బి.పి. మాత్ర వేసుకునే వెళతాను. మీ ఇళ్లలో కూడా పాత శుభలేఖలుంటే పారేయకండి. నాకివ్వండి, లేదా మీ వీధి బడికి మీరే పట్టుకెళ్లండి.