తలనొప్పేగా అని కొట్టిపారేయకండి

(మహిళల కార్యక్రమంలో ఒక లేడీ డాక్టరు చేసిన ప్రసంగం)



'తలనొప్పి' అనే మాట మన ఇళ్ళలో రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టలేం. పిల్లల పరీక్షలు ఒక తలనొప్పి, నీళ్ళు రాకపోతే తలనొప్పి, పనిమనిషి చెప్పకుండా మానేస్తే అంతకంటే పెద్ద తలనొప్పి. ప్రతి చిరాకుకీ ఆ పేరే పెట్టేయడం వల్ల కాబోలు, నిజంగా తల నొప్పి పుట్టినప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. అందులోనూ ఇల్లాలికి వస్తే మరీను. "అమ్మకి ఎప్పుడూ ఉండేదేగా" అంటారు పిల్లలు. "కాస్త కాఫీ తాగి పడుకో" అంటారు వారు. ఆవిడ కూడా నుదుటికి ఇంత అమృతాంజనం రాసుకుని, తలకి గుడ్డ బిగించి కట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ మందు మొదలుపెట్టిన నాటి నుంచి మన ఇళ్ళలో అది లేని అలమర లేదు. రాసుకుంటే హాయిగా ఉంటుంది, కాదనను. కాని నొప్పి ఎందుకు వచ్చిందో అది చెప్పలేదు కదా!

తలనొప్పుల్లో చాలా భాగం ప్రాణానికి ముప్పు తెచ్చేవి కావు. అయితే ఆ గుంపులో కలిసిపోయి, అదే వేషంలో వచ్చేవి కొన్ని ఉన్నాయి. వాటిని సకాలంలో పట్టుకోకపోతే చూపు పోవచ్చు, చెయ్యీ కాలూ పడిపోవచ్చు, మనిషే దక్కకపోవచ్చు. ఏది మామూలుది, ఏది కాదు అని తేల్చడానికి డాక్టరు ఏమేం అడుగుతారు, తలని ఎలా పరీక్ష చేస్తారు, అందులో మీరు చేయగలిగిన సాయం ఏమిటి అనే సంగతులు ఈవేళ ముచ్చటిస్తాను.

ముందుగా ఒక విచిత్రం చెప్పాలి. మన శరీరంలో ఎక్కడ నొప్పి పుట్టినా తెలుసుకునేది మెదడే. కాని మెదడు పదార్థానికి మాత్రం తనకంటూ నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది దాని చుట్టూ ఉన్న పొరలకి, రక్తనాళాలకి, తలమీది చర్మానికి, మెడ కండరాలకి, కళ్ళకి, పళ్ళకి, ముక్కు పక్కన ఉండే గాలి గదులకి. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా మనకి అది తలనొప్పిగానే తోస్తుంది. అందుకనే "తల నొప్పి అంటే ఈవిడ పళ్ళు చూస్తుందేమిటి, మెడ వంచమంటుందేమిటి" అని మీరు విసుక్కోకూడదు.

తలనొప్పులు ముఖ్యంగా రెండు తరగతులు. వేరే జబ్బేమీ లేకుండా తనంతట తాను వచ్చేది మొదటిది. ఇంకో జబ్బుకి గుర్తుగా వచ్చేది రెండోది. మొదటి తరగతిలో అందరికీ తెలిసినది ఒత్తిడి వల్ల వచ్చేది. తల చుట్టూ పట్టీ బిగించినట్టు రెండు వైపులా పట్టేసి ఉంటుంది. వాంతి ఉండదు. సణుక్కుంటూనైనా పని చేసుకోగలుగుతాం. రెండోది మైగ్రేన్. మన పెద్దవాళ్ళు పార్శ్వపు నొప్పి అనేవారు. తరచుగా ఒక కణత దగ్గర మొదలై, నాడి కొట్టుకున్నట్టు పోటు పెడుతుంది. వికారం, వాంతి, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, మెట్లెక్కితే ఎక్కువ కావడం దీని లక్షణాలు. మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండవచ్చు. కొందరికి నొప్పికి ముందు కళ్ళముందు మెరుపు గీతలు, వంకరటింకర వెలుగులు కనిపిస్తాయి. ఇది మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. బహిష్టు రోజుల దగ్గర రావడం కూడా మామూలే.

మరి డాక్టరు దగ్గరికి వెళ్ళాక "తల నొప్పండీ" అని ఊరుకుంటే లాభం లేదు. తలనొప్పి విషయంలో సగానికి పైగా రోగనిర్ణయం మీరు చెప్పే మాటల మీదే ఆధారపడి ఉంటుంది. ఎప్పటినుంచి? మెల్లగా మొదలైందా, ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిందా? ఎక్కడ, ఎలాంటి నొప్పి? ఎంతసేపు ఉంటుంది, నెలలో ఎన్ని రోజులు? పడుకుంటే తగ్గుతుందా, పెరుగుతుందా? దగ్గినా ముక్కినా ఎక్కువవుతుందా? తెల్లవారుజామున లేపేస్తోందా? ఇవన్నీ అడుగుతారు. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. "ఇది మీకు ఇదివరకు వచ్చే నొప్పేనా, కొత్తదా?" ఇరవై ఏళ్ళుగా ఒకే తీరున వచ్చిపోతున్న నొప్పికంటే, మొన్న మొదలై రోజురోజుకీ పెరుగుతున్న నొప్పి మమ్మల్ని ఎక్కువ కంగారు పెడుతుంది.

ఈ ప్రశ్నలకి అప్పటికప్పుడు జవాబు తోచదు. అందుచేత పాలవాడి లెక్క రాసే కాలెండరులోనే నొప్పి వచ్చిన రోజు ఒక గుర్తు పెట్టుకోండి. ఏ వేళప్పుడు వచ్చింది, ఏం తిన్నారు, ఎంత నిద్రపోయారు, బహిష్టు ఎప్పుడు, ఏ మాత్ర వేసుకున్నారు అని రెండు ముక్కలు రాయండి. రెండు నెలలు రాస్తే కొన్ని రహస్యాలు మీకే తెలిసిపోతాయి. ఇంట్లో అందరికీ వడ్డించి పదకొండింటి దాకా ఏమీ తినని రోజున, శనివారం ఉపవాసం ఉన్న రోజున, ఎండలో బజారుకి వెళ్ళిన రోజున, ఘాటైన అగరొత్తుల వాసన తగిలిన రోజున నొప్పి వస్తోందేమో చూసుకోండి. రోజూ కాఫీ అలవాటున్నవాళ్ళు ఒక్కసారి మానేసినా తల పగిలిపోతుంది.

మాత్రల సంగతి దాచకండి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా చెప్పాలి. మామూలు నొప్పి మాత్రలైనా సరే నెలకి పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే పది రోజులు, ఇలా మూడు నెలలకి పైగా వాడుతూ ఉంటే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. నొప్పి వచ్చిందని మాత్ర, మాత్ర వల్ల మళ్ళీ నొప్పి. ఈ చక్రంలో పడి తిరుగుతున్న ఇల్లాళ్ళు ఎందరో ఉన్నారు. అలాగే గర్భనిరోధక మాత్రలు వాడుతూ, నొప్పికి ముందు కళ్ళముందు మెరుపులు కనిపించేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. అలాంటివారికి పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది గనుక వేరే పద్ధతి సూచిస్తారు.

ఇక పరీక్ష. మొదట జ్వరం, నాడి, బ్లడ్ ప్రెషర్ చూస్తారు. ఇక్కడ ఒక అపోహ ఉంది. తల నొప్పి వస్తే బి.పి. పెరిగిందనీ, నొప్పి లేకపోతే బి.పి. లేనట్టేననీ చాలామంది అనుకుంటారు. ఎక్కువమందిలో బి.పి. ఏ నొప్పీ లేకుండానే లోలోపల పని కానిస్తుంది. 180/120 దాటినప్పుడు తలనొప్పి రావచ్చు. అంచేత నొప్పి ఉన్నా లేకపోయినా కొలిపించుకోవలసిందే.

తరవాత జడ విప్పమంటారు. సిగ్గుపడనక్కరలేదు. వేళ్ళతో తలంతా తడిమి వాపు, గాయం, ముట్టుకుంటే నొప్పి ఉన్నాయేమో చూస్తారు. కొప్పు బిగించి ముడవడం వల్ల వచ్చే నొప్పి జుట్టు వదులు చేస్తే తగ్గిపోతుంది. కణతల దగ్గర రక్తనాళాన్ని తాకి చూస్తారు. యాభై దాటినవారిలో కొత్తగా కణత నొప్పి వచ్చి, దువ్వెన తగిలితే భరించలేకపోవడం, నమిలేటప్పుడు దవడ లాగడం ఉంటే ఆ నాళం వాచి ఉండవచ్చు. వెంటనే వైద్యం జరగకపోతే చూపు పోతుంది. తరవాత బుగ్గల మీదా నుదుటి మీదా నొక్కి చూస్తారు, దవడ కదిలించి చూస్తారు, పళ్ళు చూస్తారు. "నాకు సైనస్ అండీ" అని వచ్చేవారిలో చాలామందికి ఉన్నది మైగ్రేనే.

మెడ వంచి గడ్డం రొమ్ముకి ఆనించమంటారు. జ్వరంతో పాటు మెడ కొయ్యబారిపోతే మెదడు పొరల వాపేమోనని అనుమానించాలి. కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయా అని లైటు వేసి చూస్తారు. ఒక చిన్న పనిముట్టుతో కంటిలోపలికి తొంగి చూస్తారు. 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ ఆ పనిముట్టు గురించి లోకానికి చెప్పాడు. తలలో ఒత్తిడి పెరిగితే కంటి వెనుక నరం మొదలు వాచి కనిపిస్తుంది. పుర్రె విప్పకుండా లోపలి సంగతి తెలుసుకునే కిటికీ అన్నమాట. చివరికి నవ్వమంటారు, నాలుక చాపమంటారు, చేతులు ముందుకు చాపి కళ్ళు మూసుకోమంటారు, నాలుగడుగులు నడవమంటారు. ఇది ఆటలాగా ఉంటుంది గాని, మూతి ఒక పక్కకి లాగినా, ఒక చెయ్యి కిందికి జారినా అదే మాకు పెద్ద సాక్ష్యం.

పసిపిల్లల సంగతి వేరు. వాళ్ళు నొప్పి అని చెప్పలేరు. వాళ్ళకి మాడే చెబుతుంది. మాడుకి ఆముదం పెట్టేటప్పుడు మీ అరచెయ్యే పరీక్ష చేస్తుంది. ఏడవకుండా కూర్చున్న బిడ్డకి మాడు ఉబ్బి బిగుసుకుని ఉన్నా, జ్వరం, వాంతులు తోడైనా ఆలస్యం చేయకండి. విరేచనాలతో మాడు లోతుకి పోతే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. మాడు సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళలోగా మూసుకుంటుంది. డాక్టరు టేపుతో తల చుట్టుకొలత తీసేది అందుకే. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లు, ఏడాదికి 45, 46 ఉంటుంది. అంతకంటే గబగబా పెరిగితే తలలో నీరు చేరుతోందేమో చూడాలి.

ఇప్పుడు ఒక బాలింత గురించి చెబుతాను. ఇరవై రెండేళ్ళ పిల్ల, తొలి కాన్పు. పదో రోజున తల నొప్పి మొదలైంది. చల్లగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టారు, శొంఠి పట్టు వేశారు. పథ్యమని మంచినీళ్ళు గుక్కలు లెక్కపెట్టి ఇచ్చారు. నాలుగో రోజుకి వాంతులు, కుడి చెయ్యి పట్టు తప్పడం, ఆ రాత్రే ఫిట్సు. ఆస్పత్రికి తీసుకువచ్చినప్పుడు వెంట వచ్చిన మేనత్త ఒక్క ముక్క చెప్పింది. "ఈ పిల్లకి పుట్టి బుద్ధెరిగి తలనొప్పి అన్నదే లేదమ్మా." ఆ మాటే మాకు దారి చూపించింది. స్కాన్ తీస్తే మెదడు నుంచి రక్తం వెనక్కి వెళ్ళే సిరలో గడ్డ కట్టింది. గడ్డ పెరగకుండా ఇంజక్షన్లు మొదలుపెట్టాం. అదృష్టవశాత్తు చెయ్యి మళ్ళీ స్వాధీనంలోకి వచ్చింది, బిడ్డని ఎత్తుకుని ఇంటికి వెళ్ళింది. కాన్పు తరవాత కొన్ని వారాలపాటు రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే ఎక్కువ. దానికి నీళ్ళు తగ్గించడం కూడా తోడైతే ప్రమాదం పెరుగుతుంది. అమ్మలూ, అత్తలూ, పథ్యం మీ ఇష్టం గాని, బాలింతకి దాహమేస్తే కడుపునిండా నీళ్ళివ్వండి.

నడుముకి ఇంజక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేసినవారికి, లేచి కూర్చుంటే వచ్చి, పడుకుంటే తగ్గే నొప్పి ఒకటి ఉంటుంది. అది వేరు. దానికీ వైద్యం ఉంది. గర్భిణికి అయిదో నెల దాటాక తల నొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, పొట్ట పైభాగాన నొప్పి ఉండి, బి.పి. 140/90 గాని అంతకు మించి గాని ఉంటే గుర్రపువాతానికి ముందు సూచన కావచ్చు. కాన్పయిన ఆరు వారాల దాకా కూడా ఈ భయం ఉంది.

ఇవి కాక వెంటనే ఆస్పత్రికి పరుగెత్తవలసినవి మరికొన్ని ఉన్నాయి, రాసుకోండి. ఒకటి, క్షణాల్లో వచ్చి తారస్థాయికి చేరిన నొప్పి. రెండు, తలనొప్పితో పాటు మాట తడబడడం, మూతి వంకర, ఫిట్సు, మగత. మూడు, తలకి దెబ్బ తగిలాక పెరుగుతున్న నొప్పి, వాంతులు. ముసలివాళ్ళకి బాత్‌రూములో జారిపడ్డ కొన్ని వారాలకి కూడా ఇది రావచ్చు. నాలుగు, కన్ను ఎర్రబడి, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపించడం. అయిదు, మూసిన స్నానాలగదిలో గ్యాస్ గీజరు వెలిగించి స్నానం చేసేటప్పుడు తల నొప్పి, కళ్ళు తిరగడం. అది విషవాయువు కావచ్చు, ముందు బయటికి వచ్చి తలుపులు తెరవండి. జ్వరంతో కళ్ళ వెనుక నొప్పి ఉంటే డెంగీ కావచ్చు గనుక రక్తపరీక్ష అయ్యేదాకా ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి వేయకండి.

"ఇన్ని ప్రశ్నలెందుకు, ఒక స్కాన్ రాసెయ్యకూడదా" అంటారు కొందరు. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలకి సి.టి. స్కాన్ తీశారు. దాన్ని కనిపెట్టినందుకు హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్ అనే ఇద్దరికి 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. అది గొప్ప వరమే. కాని మైగ్రేన్ ఉన్నవారి స్కాన్ సాధారణంగా ఏ లోపమూ చూపించదు. "ఏమీ లేదు" అని కాగితం వస్తే, "చూశావా, అంతా నీ ఊహే" అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. స్కాన్‌లో కనిపించకపోయినా నొప్పి నిజమే సుమండీ! దానికి మందులున్నాయి, రాకుండా చూసుకునే మార్గాలూ ఉన్నాయి.

కడసారిగా ఒక్క మాట. పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడితే అర్ధరాత్రయినా డాక్టరు తలుపు తడతారు మీరు. మీకు కొత్తగా తల నొప్పి వస్తే మాత్రం పండగ వెళ్ళాక చూద్దామంటారు, పెళ్ళి అయ్యాక చూద్దామంటారు. ఆ వాయిదా వేయకండి. మీ తల బాగుంటేనే ఇల్లు నడుస్తుంది.