పాత జీపును పరీక్షించు విధము



నేను ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులను. భాషాప్రవీణ పట్టము పొందితినే గాని యంత్రశాస్త్రము చదివినవాడను గాను. అట్టివాడు పాత జీపును కొను విధమును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వవచ్చును. నవ్వదగినదే. కాని యీ విషయమున నేను పుస్తకము వలన గాక పొరపాటు వలన కొంత నేర్చితిని. ఆ పొరపాటునకు వెల నేనొక్కడనే చెల్లించి యుండినచో నేడు మీ యెదుటికి రాకయే యుందును.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రపు టొడ్డున నున్న పల్లె. తారురోడ్డు మా యూరి మొగమువఱకే వచ్చి నిలిచిపోవును. ఆపైన బకింగ్‌హాము కాలువ, కాలువ కావల సవుడు నేల, రొయ్యల గుంటల గట్లు, తుదకు ఇసుక దిబ్బలు. వేసవిలో ఇసుకలో చక్రము దిగబడును. ఆశ్వయుజ కార్తికములలో బురదలో దిగబడును. మన తీరమునకు వానలు ముఖ్యముగా ఈశాన్యపు గాలితో వచ్చును. గాలివానలును ఆ కాలముననే వచ్చును. 1927, 1984, 1989 సంవత్సరముల నవంబరు నెలలను మన పెద్దలు మఱువలేదు. 2015 లోను, 2021 లోను వచ్చిన వఱదలను పిల్లలు సైతము మఱువలేదు. అట్టి దినములలో రోగిని, బాలింతను, ముసలివారిని రోడ్డు దనుక చేర్చుటకు ఒక బండి కావలయును. కావున నాలుగు చక్రములకును బలమునిచ్చు వాహనము మనకు విలాసవస్తువు కాదు. పూర్వము మంచి ఎడ్లజత యెంత యవసరమో నేడిది యంత యవసరము.

ఎడ్లమాట వచ్చినది గనుక మా తండ్రిగారిని తలంచుకొనవలసి యున్నది. ఆయన ఎడ్లను ఎంచుటలో పేరుపడినవారు. మన సీమ పశువుల ఘనత మీకు నేను చెప్పనక్కఱలేదు. సముద్రములు దాటి బ్రెజిలు దేశమున వ్యాపించిన యొంగోలు జాతి సంతతిని అక్కడివారు నేటికిని నెలూరు అని మన యూరి పేరుతోనే పిలుచుచున్నారు. మా తండ్రిగారు సంతకు పోయినచో ముందుగా రంగును గాని, కొమ్ములకు పూసిన వార్నీషును గాని చూచెడివారు కారు. నోరు తెఱపించి పండ్లు లెక్కించి వయస్సు తెలిసికొనెడివారు. గిట్టలు పైకెత్తి చూచెడివారు. మెడమీద కాడి రాసిన మచ్చను వ్రేలితో తడవి చూచెడివారు. పిమ్మట బరువుబండికి కట్టి ఇసుకలో నాలుగు బారలు నడిపించెడివారు. “నిలుచున్న యెద్దును కొనకురా, లాగుచున్న యెద్దును కొనుము” అని నాతో పలుమాఱు చెప్పిరి. నేను వింటినే గాని, అది జీపునకు కూడ వర్తించునని నాకు తోపలేదు.

2014 లో నేనును మా తమ్ముడును కలిసి ఒక పాత జీపు కొంటిమి. దూరపు పట్టణమున నొక దళారి చూపెను. నల్లరంగు క్రొత్తగా వేసి అద్దమువలె మెఱయుచుండెను. తమ్ముడు సందేహించెను. నేనే పెద్దఱికము చూపి, “బండి దివ్యముగా నున్నది, బయానా యిమ్ము” అంటిని. ముందు చక్రములను కలుపు చిన్న మీటను లాగి చూచితిమి, అది కదలెను. కదలినది గనుక పనిచేయుచున్నదని నమ్మితిమి.

మఱుసటి యేడు నవంబరు వానలలో ఒక వేకువను మా పొరుగున నున్న మత్స్యకారునకు మూతి వంకర పోయినది, కుడిచేయి పడిపోయినది. వలలల్లుటలో ఆయనకు మించినవాడు మా చుట్టుపట్ల లేడు. ఆయనను జీపులో పరుండబెట్టి బయలుదేఱితిమి. గుంటలగట్టు మీద వెనుక చక్రములు దిగబడినవి. తమ్ముడు చిన్న మీటను లాగెను. వెనుక చక్రములు గిరగిర తిరిగి ఇంకను లోతునకు పోవుచున్నవి; ముందు చక్రములు రాతిచక్రములవలె నిలిచియే యున్నవి. ఊరి ట్రాక్టరు వేఱొక పల్లెకు పోయియుండెను. అది వచ్చి మమ్ము లాగునప్పటికి మూడుగంటలు గడచెను. మెదడులో రక్తము గడ్డకట్టి వచ్చు పక్షవాతమునకు, గడ్డను కరిగించు మందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెనని వైద్యులందురు. మేము నెల్లూరు చేరునప్పటికి ఆ వేళ మించినది. ఆయన ప్రాణము దక్కినది, చేయి దక్కలేదు.

తరువాత మేస్త్రీ విప్పి చూడగా, ముందు ఇరుసులోపల చక్రములను త్రిప్పు కడ్డీలు లేనేలేవు. డీజిలు కలిసివచ్చునని యెవరో పూర్వపు యజమాని తీయించి వేసెనట. పైన పటారము, లోన లొటారము అను సామెత నేను పిల్లలకు వందసార్లు చెప్పి యుందును. దాని యర్థము నాకా దినమున తెలిసినది. ఆ పొరుగాయన నన్నొక్క మాటయు అనలేదు. అనియున్న బాగుండెడిది.

ఇక నేర్చినది చెప్పెదను.

మొదట, రూపమును చూచి మోసపోకుడు. జీపు అనునది 1941 ప్రాంతమున అమెరికావారు యుద్ధము కొఱకు చేసిన బండి. మన దేశమున మహీంద్రావారు దానిని కూర్ప నారంభించిన పిమ్మట అది పల్లెలకు వచ్చెను. కాని నేడు జీపు రూపమున నున్న బండ్లన్నియు నాలుగు చక్రములకు బలమిచ్చునవి కావు. 2000 సంవత్సరమున వచ్చిన బొలెరోలలో పెక్కింటికి వెనుక చక్రములకే బలము. 2010 లో వచ్చిన థార్ బండిలోను రెండు విధములవి కలవు. 2020 లో వచ్చిన క్రొత్త థార్‌లోను 2023 నుండి వెనుక చక్రముల బలము మాత్రమే కలది అమ్ముచున్నారు. మారుతీ జిప్సీ 1985 లో పుట్టినది. తేలికది, ఇసుకలో చక్కగా నడచును, కాని పెట్రోలుది. 2019 నాటికి సామాన్యులకు దాని అమ్మకము నిలిచిపోయినది. కావున బండి పేరు విని గాక, ఆ బండి యే రకమో పత్రములలో చదివి, క్రింద వంగి చూచి నిశ్చయింపుడు.

రెండవది, చిన్న మీట కదలుట చాలదు. దీనికొక సులువైన పరీక్ష కలదు. గట్టి సమనేలపై బండిని నిలిపి, ఇంజను ఆపి, గేరులో నుంచి, చేతిబ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. చక్రపు నడుమ త్రిప్పి బిగించు బిళ్ల యున్న బండియైనచో దానిని బిగింపవలెను. చిన్న మీటను నాలుగు చక్రముల స్థానమున నుంచి, ముందు చక్రములలో నొకదానిని జాకీతో లేపి చేతితో త్రిప్పి చూడుడు. అది కొద్దిగా ఊగి నిలిచిపోయినచో లోపల కూర్పు సరిగా నున్నది. సులువుగా గుండ్రున తిరిగినచో ఎక్కడనో లంకె తెగినది. రెండవ ప్రక్కను గూడ అట్లే చూడవలెను. పిదప ఇసుకలోనికి పోనిచ్చి, ఒకరు నడుపుచుండగా మఱియొకరు దూరమున నిలిచి ముందు చక్రములు ఇసుకను చిమ్ముచున్నవో లేదో చూడవలెను. నేనీ పరీక్షకు పది నిమిషములు వెచ్చించి యుండినచో!

మూడవది ఉప్పు. మన తీరమున ఇనుమునకు శత్రువు వయస్సు కాదు, ఉప్పుగాలి. రంగు పైభాగమునకు వేయుదురు. తుప్పు క్రిందిభాగమున పుట్టును. చాప పఱచుకొని బండి క్రింద పరుండి, ఛాసీ దూలములను చిన్న సుత్తితో తట్టి చూడుడు. ఖంగున మ్రోగిన మంచిది. చప్పగా మ్రోగిన లోపల తినివేసినదని గుఱుతు. కమానులను పట్టు చోట్లు, బ్రేకు గొట్టములు, అతుకులు ముఖ్యముగా చూడవలెను. క్రొత్తగా నల్లని తారువంటి పూత పూసియుండిన, దాని క్రింద నేమి దాచిరో యని అనుమానింపవలెను. వఱదలో మునిగిన బండ్లును అమ్మకమునకు వచ్చును. సీటు పట్టాల మూలలలో ఒండుమట్టి, తివాచీక్రింద ముక్కవాసన, ఇరుసు నూనె పాలవలె తెల్లబాఱుట, ఇవి వాని లక్షణములు.

నాలుగవది ఇంజను. అమ్మువాడు ముందే నడిపి వేడిచేసి యుంచును. మీరు చెప్పకుండ వేకువనే పోయి, చల్లగానున్నప్పుడు మొదటి మీటుననే లేచునో లేదో చూడుడు. నీలిపొగ యెడతెగక వచ్చిన నూనె కాలుచున్నది. నల్లపొగ వచ్చిన ఇంధనము చక్కగా మండుట లేదు. వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ విడువనిచో నీరు లోపలికి దిగుచున్నదేమో యని సందేహింపవలెను. నాలుగు టైర్లును ఒకే కొలతవై, ఇంచుమించు ఒకే విధముగా అరిగి యుండవలెను. లేనిచో నాలుగు చక్రములను కలిపినప్పుడు పండ్లచక్రములపై వృథాగా ఒత్తిడి పడును. ఆ కారణము చేతనే గట్టి తారురోడ్డుపై ఇట్టి పాత బండ్లను నాలుగు చక్రముల బలముతో నడుపరాదు.

ఐదవది లాగుట. మనలో తఱచు వినబడు ప్రశ్న, “ఎంత బరువు లాగును?” అని. “ఎంత బరువును ఆపును?” అని యడుగుట న్యాయము. 25 కిలోల మేతబస్తాలు నలువది వేసిన టన్ను అయినది. ట్రైలరు బరువు వేఱు. గట్టు దిగునప్పుడు ఆ భారమంతయు వెనుకనుండి నెట్టును. బండి చేసినవారు లాగవచ్చునని చెప్పిన బరువును మించరాదు. కొక్కెము ఛాసీకి బిగింపబడవలెను గాని బంపరునకు అతుకరాదు. బరువును ఇరుసునకు కొంచెము ముందుగా సర్దవలెను. ట్రైలరు మొత్తపు బరువులో ఇంచుమించు పదవవంతు కొక్కెముపై నిలిచినచో అది తోకవలె ఊగదు. దిగుడులో తక్కువ గేరున దిగవలెను. పడవలను ఒడ్డునకు లాగుట ట్రాక్టరు పని. అది జీపునకు అప్పగింపకుడు. ట్రైలరునకు వేఱుగా రిజిస్ట్రేషను కావలెను. బీమాపత్రమున దాని ప్రసక్తి యున్నదో లేదో చదువవలెను.

ఆఱవది కాగితములు. ఛాసీపై చెక్కిన సంఖ్యయు, ఇంజను సంఖ్యయు పత్రములలోని వానితో అక్షరము తప్పక సరిపోవలెను. సొంతబండికి రిజిస్ట్రేషను మొదట 15 ఏండ్లు చెల్లును. ఆపైన తనిఖీ చేయించి 5 ఏండ్లకొకసారి పొడిగించుకొనవలెను. పేరు మార్పునకు 29, 30 ఫారములు. అప్పు తీఱినదనుటకు 35 వ ఫారము. పొరుగు రాష్ట్రపు బండియైన అచటి అధికారి నిరభ్యంతరపత్రము కావలెను. అమ్మువారికి గూడ నొక మాట. 2018 లో సుప్రీముకోర్టు ఒక తీర్పున, పుస్తకమున పేరున్నవాడే యజమాని యని స్పష్టపఱచినది. బండి నాలుగు చేతులు మాఱినను, పేరు మార్పించనిచో, ప్రమాదపు నష్టపరిహారము మొదటివాని మెడకే చుట్టుకొనును. నోటిమాటపై బండి నిచ్చుట మన పల్లెలలో మర్యాదగా చెల్లుచున్నది. అది మర్యాద కాదు, గండము.

కొన్న పిమ్మట రెండు వ్రతములు పాటింపుడు. సముద్రపు టొడ్డునకు పోయివచ్చిన ప్రతిసారి క్రిందిభాగమును మంచినీటితో కడుగుడు. పదునైదు దినముల కొకమాఱు చిన్న మీటను ఇసుకలో వేసి కొంతదూరము నడుపుడు. వాడని లంకె బిగిసిపోవును. అక్కఱ వచ్చిన దినమున పరీక్షించుట పరీక్ష కాదు.

మా జీపునకు ముందు ఇరుసు కడ్డీలు మరల వేయించితిమి. నేటికిని అది మా యింటి ముంగిట నున్నది. ప్రతి యమావాస్యకును, పున్నమికిని దానిని దిబ్బలవఱకు తీసికొనిపోయి చిన్న మీటను వేసి చూచెదము. పోవు దారిలో ఆ పొరుగాయన అరుగుమీద కూర్చుండి, ఎడమచేతితో వల పట్టుకొని, మనుమనికి ముడి వేయు విధము నేర్పుచుండును. మమ్ము చూచి, “అయ్యవారూ, ముందు చక్రాలు తిరగతా ఉండాయా?” అని యడుగును. తిరుగుచున్నవని చెప్పి ముందునకు పోయెదము. ఆ ప్రశ్న మీ యూర మిమ్ము నెవ్వరును అడుగవలసిన యక్కఱ రాకుండుగాక.